పదకొండు రంగుల జీపు

లీలాకుమారి గొంతు వినని తెలుగిల్లు లేదు. లీలాకుమారి ఎవరో మాత్రం ఆమె ఉండే అపార్టుమెంటులోనే సగం మందికి తెలియదు. ఇరవై ఎనిమిదేళ్లపాటు ఆమె తెలుగు రాని హీరోయిన్లకు తెలుగు సరఫరా చేసింది. ముంబై నుంచి వచ్చిన అమ్మాయి కెమెరా ముందు ఒకటీ రెండూ మూడూ అంటూ అంకెలు చదివి, సాయంత్రం విమానమెక్కి వెళ్లిపోయేది. ఆ అంకెల్లోంచి ప్రేమ, విరహం, మధ్యతరగతి ఆడపిల్ల ఆత్మాభిమానం పిండి తీసే పని లీలాకుమారిది. ఆ ఆత్మాభిమానానికి ఒక ఏడాది అవార్డు కూడా వచ్చింది. హీరోయిన్ వేదికెక్కి ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పింది. లీలాకుమారి ఇంట్లో టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూసింది.

ఆమెకు యాభై రెండేళ్లు వచ్చేసరికి సినిమా పరిశ్రమకు ఉన్నట్టుండి సహజత్వం మీద మోజు పుట్టింది. హీరోయిన్లు సొంత గొంతుతోనే మాట్లాడాలన్నారు. మాట్లాడటం రాకపోతే అదే ముద్దుగా ఉందన్నారు. లీలాకుమారికి ముందు అత్త పాత్రలు, తర్వాత అమ్మమ్మలు, చివరికి ఒక టీవీ సీరియల్లో పగబట్టిన నాగుపాము దక్కాయి. నాగుపాముకి బుసలు ఎక్కువ, మాటలు తక్కువ. ఆ సీరియల్ ఎనిమిది నెలలు నడిచి, పాము పగ తీరకుండానే ఆగిపోయింది.

అదే సమయంలో ఫిల్మ్‌నగర్‌లో ఆమె పాతికేళ్లు పనిచేసిన రికార్డింగ్ స్టూడియోని పడగొట్టడం మొదలుపెట్టారు. ఆ చోట కాఫీ షాపు రాబోతోంది, చక్కెర అడిగితే జాలిగా చూసే రకం. స్టూడియో యజమాని పెద్దమనిషి. అక్కడ పనిచేసిన వాళ్లందర్నీ పిలిచి, గుర్తుగా ఏదైనా తీసుకెళ్లమన్నాడు. ఒకరు మైకు తీసుకున్నారు, ఒకరు గోడ గడియారం తీసుకున్నారు. లీలాకుమారి మాత్రం స్టూడియో పెరట్లో తొమ్మిదేళ్లుగా నాలుగు టైర్ల మీదా కూలబడి ఉన్న జీపును అడిగింది.

యజమాని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి కాగితాలు వెతికించాడు.

ఆ జీపుది కూడా సినిమా బతుకే. అది పోలీసు జీపుగా ఆలస్యంగా వచ్చింది, ఫారెస్టు జీపుగా గంధపు దొంగల్ని తరిమింది, విలన్ జీపుగా లెక్కలేనన్ని సంతల్లో కూరగాయల బళ్లను గుద్దింది. అందులో కూర్చుని హీరోయిన్లు జుట్టు ఎగరేస్తుంటే, ఏసీ గదిలో నిలబడి వాళ్ల తరఫున కేరింతలు కొట్టింది లీలాకుమారే. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆ జీపెక్కలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊరికే వస్తోంది కదా అని తెచ్చానని మాత్రం చెప్పింది.

ఆమె కాపురం ఉండే అపార్టుమెంటు పేరు శిఖర హైట్స్. అది ఫిల్మ్‌నగర్ వాలులో అట్టడుగున ఉంటుంది. పైనున్న జూబ్లీహిల్స్ బంగళాల నీళ్లు, ఎండుటాకులు, పుట్టినరోజు బాణసంచా పొట్లాలు అన్నీ జారి చివరికి దాని సెల్లారుకే చేరతాయి. ఆ సెల్లారులోకి ఒక ఆదివారం పొద్దున జీపును తాళ్లతో లాక్కొచ్చారు. లీలాకుమారి భర్త సత్యనారాయణమూర్తి, రిటైరైన తెలుగు లెక్చరర్, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"ఏం చేద్దామని లీలా దీన్ని?" అన్నాడు.

"బాగు చేస్తానండీ."

"ఎవరి చేత?"

"నేనే."

ఆయన ఆ జవాబును వ్యాకరణపరంగా పరిశీలించి, దోషమేమీ కనిపించక ఊరుకున్నాడు.

అసోసియేషన్ అధ్యక్షుడు రఘునందన్ మాత్రం ఊరుకోలేదు. ఆయన స్థలాల వ్యాపారి, పక్కా హైదరాబాదీ. ఆయనకు నల్లటి పెద్ద కారుంది. దాని వెనక ఫోర్ బై ఫోర్ అని వెండి అక్షరాలు. ఆ నాలుగు చక్రాల శక్తితో ఆయన రోజూ జిమ్ముకి, ఆదివారాలు బిర్యానీకి వెళ్లొస్తాడు. కారుకు మట్టి అంటితే వాచ్‌మన్‌కి ఆ రోజు మాటలు తప్పవు. అలాంటి కారు పక్కన ఈ తుప్పు దిబ్బ నిలబడటం ఆయనకు కులం తక్కువ పొత్తులా తోచింది. వెంటనే ఫొటో తీసి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టి, "మన సెల్లారు స్క్రాప్ దుకాణం కాదు" అని రాశాడు. పద్దెనిమిది మంది చప్పట్లు కొట్టారు. లీలాకుమారి కూడా ఒక నమస్కారం పెట్టి, తన పార్కింగు గీతల్లోనే ఉందని కొలత టేపు పట్టి తీసిన ఫొటో జతచేసింది.

మెకానిక్ జంగయ్య మధురానగర్‌లో ఉంటాడు. ముప్పై ఏళ్లు షూటింగు బళ్లకు వైద్యం చేసి, మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉన్నాడు. ఆయన వచ్చి జీపును చూసి, పాత చుట్టాన్ని ఆస్పత్రిలో చూసినట్టు తల ఊపాడు. బోల్టులు విప్పడం నీ వంతు, చెప్పడం నా వంతు అని ముందే ఒప్పందం చేసుకున్నాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని దానిలోనే ఎనిమిది నెలలు కూర్చున్నాడు.

సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. జీవితంలో బానెట్టు ఎత్తని మగవాళ్లంతా లిఫ్టు దిగి కారెక్కే మధ్య పది నిమిషాలు ఆగి, ఆమె చేతిలో పానా చూసి, అలా పట్టుకోకూడదని చెప్పి వెళ్లేవారు. వెడల్పు టైర్లు వేయించమని ఒకరు, పైన లైట్ల వరస పెట్టించమని మరొకరు. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ ఆయన జీపులో పెద్ద టీవీ తెర పెట్టించాలన్నాడు. ఇంజను తిరుగుతుందా అని ఒక్కరూ అడగలేదు.

ఇంజను తిరగడానికి మూడు నెలలు పట్టింది. డీజిలు ట్యాంకులో తొండ కాపురముండేది, దాన్ని ఖాళీ చేయించారు. ఇంధనం గొట్టాలు మార్చారు, పిస్టన్లకు కొత్త రింగులు వేశారు. సత్యనారాయణమూర్తి టార్చిలైటు పట్టుకునే ఉద్యోగంలో చేరాడు. ఆయన లైటు ఎప్పుడూ కావలసిన బోల్టుకు జానెడు పక్కన పడేది. కార్బన్ మసి, గ్రీజు కలిసి నల్లబడిన భార్య చేతుల్ని చూసి, "అనునాసికాలు పలికిన గొంతు ఉన్న మనిషివి" అని ఒకసారి బాధపడ్డాడు. గొంతుతో నట్టు ఊడదని ఆమె చెప్పింది.

ఆ మధ్యలో రంగు గీకే పని నడిచింది. గరుకు కాగితంతో తలుపు రుద్దితే ఖాకీ కింద నలుపు వచ్చింది, నలుపు కింద అడవి ఆకుపచ్చ, దాని కింద ఒక పెళ్లి పాట కోసం వేసిన గులాబీ. గులాబీని చూసి జంగయ్య సిగ్గుపడ్డాడు. ఆ రంగు కొట్టించింది తనేనట. అట్టడుగున, పదకొండో పొరలో, బూడిద కలిసిన లేత నీలం బయటపడింది. కంపెనీ నుంచి వచ్చినప్పటి అసలు రంగు అదే. లప్పం పూసి మూసిన తూటా రంధ్రాలు కూడా బయటపడ్డాయి, మొత్తం పదిహేడు. అన్నీ ఆర్టు డిపార్టుమెంటు డ్రిల్లింగ్ మిషనుతో కాల్చినవి.

జూలైలో ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. గంటలో సెల్లారులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. రఘునందన్ పరుగున వచ్చి తన కారు తలుపు తెరిచాడు. అందులో నానా రంగుల దీపాలు వెలిగి, నీళ్లు వచ్చాయి కాబట్టి సర్వీసు కేంద్రానికి ఫోను చేయమని కారు ఆయనకు ఇంగ్లీషులో సలహా ఇచ్చి ఆరిపోయింది. లీలాకుమారి జీపెక్కి తాళం తిప్పింది. ఇంజను దగ్గి, ఉమ్మి, అందుకుంది. సెల్లారంతా గుమిగూడి చూస్తోంది. గేరు రాడ్డు పక్కన రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ఎత్తులెక్కే చిన్న గేరుకు, రెండోది లాగితే నాలుగు చక్రాలూ తిరగాలి. అది లాగి, వాలు ఎక్కించబోయింది. పాకుడు మీద వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందు చక్రాలు ఈ గొడవతో తమకు సంబంధం లేనట్టు నిలబడ్డాయి. జీపు ఉన్నచోటే ఊగి, రఘునందన్ తెల్ల చొక్కా మీద బురద చిమ్మింది.

చివరికి అపార్టుమెంటు జనమంతా చేరి రెండు బళ్లనూ తోశారు. రెండింటి ఖరీదుల్లో ఎంత తేడా ఉన్నా తోయడంలో బరువు మాత్రం కారుదే ఎక్కువని అందరికీ అర్థమైంది.

నీళ్లు తీశాక జంగయ్య జీపు కిందకు తొంగి చూశాడు. లేచి కుర్చీలో కూర్చుని, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"లీలమ్మా, దీనికి ముందు తిప్పే సామాను లేనే లేదు. లోపల ఖాళీ. ఫైటింగోళ్లు జీపు ఎగిరి దుంకాలెనని తేలిక చేసిండ్రు. వట్టి పైపు పెట్టి పంపిండ్రు. రాడ్డు అయితే ఉన్నది గని, అది దేన్ని తిప్పది."

"మరి ఇన్నాళ్లూ మీకు తెలీదా?"

"తీసిన కాడ నేనే ఉన్న. ఇరవై ఏండ్లాయె, మర్సిపోయిన."

ఆ రోజు లీలాకుమారికి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఇంటికెళ్లి చేతులు కడుక్కుంటుంటే నవ్వొచ్చింది. పేరు నాలుగు చక్రాలది, పని రెండు చక్రాలది, ఇది తెలియకుండా ఏళ్ల తరబడి అందరూ చప్పట్లు కొట్టారు. సినిమా పరిశ్రమలో చాలామందితో పోలిస్తే రెండు చక్రాలు తిరగడం మెరుగే అనుకుంది. అలాగే వదిలేయమని భర్త, జంగయ్య, వాచ్‌మన్ అందరూ చెప్పారు. జూబ్లీహిల్స్‌లో కొండలెక్కుతామా అన్నారు. ఆమె వినలేదు. రాడ్డు ఉంటే అది తిప్పాలి, లేకపోతే దాన్ని పీకేయాలి, మధ్యస్థంగా ఉంచనని చెప్పింది.

సామాను కోసం వేట మొదలైంది. ఎర్రగడ్డలో అడిగితే టోలిచౌకి అన్నారు, టోలిచౌకిలో అడిగితే వచ్చే వారం అన్నారు. మూడు వచ్చే వారాలయ్యాక, పాత బళ్లు విప్పే ఒక షెడ్డులో మిలిటరీ వేలంలో వచ్చిన జీపు తాలూకు ముందు యాక్సిలు దొరికింది. షెడ్డు యజమాని జంగయ్యతోనే మాట్లాడాడు. లీలాకుమారి అడిగిన ప్రశ్నలకు కూడా జంగయ్య వైపే తిరిగి జవాబు చెప్పాడు. ఆమె కింద కూర్చుని, చక్రం తొడిగే చోట చెయ్యి పెట్టి తిప్పి, లోపలి గేర్ల పళ్ల చప్పుడు విని, ఒక పన్ను విరిగిందని చెప్పింది. మూత విప్పితే విరిగే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న చెవులు అవి. ఆ తర్వాత షెడ్డు యజమాని ఆమెను మేడమ్ అని పిలిచి, లోపలి గదిలోంచి రెండో యాక్సిలు తెప్పించాడు.

జనవరికల్లా జీపు లేత నీలం రంగులో, కాన్వాసు టాపుతో, నాలుగు చక్రాలతోనూ తిరుగుతూ సెల్లారు వాలు ఎక్కింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. రఘునందన్ మాత్రం డీజిలు పొగ వస్తోందని మరో ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.

ఆ ఫొటోయే ఆమెకు సినిమా అవకాశం తెచ్చింది. గ్రూపులోంచి గ్రూపులోకి దొర్లి అది ఒక దర్శకుడి ఫోనుకు చేరింది. ఆయన సహజత్వం వర్గానికి చెందినవాడు. కథానాయిక పాత జీపులో రాళ్ల గుట్ట ఎక్కే దృశ్యానికి నిజంగా గుట్ట ఎక్కే జీపు కావాలట. మనుషుల్ని పంపాడు. ఆర్టు డిపార్టుమెంటు వాళ్లు జీపు చుట్టూ తిరిగి, చాలా బాగుందని మెచ్చుకుని, తుప్పు వేస్తామన్నారు. తుప్పు రంగు డబ్బాలు చూపించారు, మూడు రకాలు. ఎనిమిది నెలలు గీకిన చేతులతో లీలాకుమారి ఆ డబ్బాలు తిరిగి వాళ్ల చేతుల్లో పెట్టింది. నీళ్లతో పోయే బురదకు మాత్రం ఒప్పుకుంది. జీపును తనే తోలుకొస్తానని, జంగయ్య కూడా వస్తాడని చెప్పింది.

వికారాబాద్ వైపు ఒక గుట్ట దగ్గర షూటింగు. కథానాయిక పేరు మైత్రేయి, కాకినాడ అమ్మాయి. తెలుగు వచ్చిన కారణంగా తెలుగు సినిమాలో వేషం దొరకడానికి ఆమెకు ఎనిమిదేళ్లు పట్టింది. లీలాకుమారిని చూడగానే కాళ్లకు దండం పెట్టి, చిన్నప్పుడు మీ గొంతుతోనే అద్దం ముందు ఏడ్చి ప్రాక్టీసు చేశానక్కా అంది. తన పని పోగొట్టిన సహజత్వానికి ప్రతినిధి ఈ పిల్లే అనుకుని కొంచెం ముభావంగా ఉందామనుకున్న లీలాకుమారికి ఆ వీలు లేకుండా పోయింది.

మైత్రేయికి కారు నడపటం రాదు. ఆమెకు బదులు విగ్గు పెట్టుకుని నడిపే ఫైటరు వచ్చాడు. అతను జీపును గాలిలోకి ఎగరేయగలడు, గోడలు పగలగొట్టగలడు. నెమ్మదిగా రాళ్ల మీద ఎక్కించడం మాత్రం ఎవరూ అడగని విద్య. ఆ చిన్న రాడ్లు రెండూ దేనికని అడిగి, మూడుసార్లు ఇంజను ఆపేసి, ఈ బండిలో దమ్ము లేదని తేల్చాడు. ఎండ ఎక్కుతోంది. దర్శకుడు గుట్టనే మార్చేద్దామా అని ఆలోచిస్తున్నాడు.

"విగ్గు ఇలా ఇవ్వండి," అంది లీలాకుమారి.

ఆమెకు మైత్రేయి చొక్కా తొడిగారు. భుజాల దగ్గర బిగుతుగా ఉంటే వెనక కత్తిరించి పిన్నులు పెట్టారు. జంగయ్య దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"చిన్న గేర్ల వెయ్యి. క్లచ్ మీది కెల్లి కాలు తియ్యి. ఫికర్ చెయ్యకు, అదే గుంజుకపోతది. నువ్వు జర స్టీరింగ్ పట్టుకొని కూసో, గంతే."

జీపు మొదటి రాయి ఎక్కి, ఒక పక్కకు వాలింది. వెనక చక్రం గాలిలో తిరుగుతుంటే, ముందు చక్రం రాయిని పట్టుకుని బండిని పైకి లాగడం లీలాకుమారి అరచేతులకు తెలిసింది. తను చెవి పెట్టి ఏరి తెచ్చిన పళ్లు ఒకదానికొకటి అందుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎవరితో అంటోందో తెలియకుండానే, "పద తల్లీ, పద, ఇంకొక్కటి, అంతే" అంటూ ఎక్కింది. పైకి చేరాక కిందికి చూస్తే మనుషులు పిడికెడంత ఉన్నారు. హ్యాండ్‌బ్రేకు లాగి, విగ్గు తీసి పక్కన పెట్టింది.

దర్శకుడు చాలా బాగుందన్నాడు. నిదానంగా ఉంది, ఎడిటింగులో వేగం పెంచుతానన్నాడు.

రెండు నెలల తర్వాత మైత్రేయి ఫోను చేసింది. గుట్ట ఎక్కేటప్పుడు లీలాకుమారి అన్న మాటలు జీపులోని మైకులో పడ్డాయట. దర్శకుడికి అవి తెగ నచ్చి, మైత్రేయిని అచ్చం అలాగే చెప్పమన్నాడట. పొద్దున్నుంచి చెబుతూనే ఉందట.

"నావల్ల కావట్లేదక్కా. నేనంటే నటించినట్టుంది. మీదే ఉంచేయమని చెప్పాను. ఒప్పుకోకపోతే ఆ సీనే వద్దన్నాను."

ఎనిమిదేళ్లు వేషం కోసం తిరిగిన పిల్ల ఆ మాట అనడం ఎంత కష్టమో లీలాకుమారికి తెలుసు. భోంచేశావా అని అడిగింది.

సినిమా విడుదలైంది. దృశ్యం నిడివి ఎక్కువైందని కత్తిరించి పదకొండు సెకన్లు ఉంచారు. మిగిలిన సమయం హీరో నడిచొచ్చే దృశ్యానికి కావాల్సి వచ్చింది. ఆయన నిదానంగా నడిచాడు, దానికి వేగం పెంచలేదు. పదకొండు సెకన్లలో లీలాకుమారి వీపు, గొంతు రెండూ ఉన్నాయి. చివర్లో పేర్లు పడేటప్పుడు వాహనాలు అనే శీర్షిక కింద లీల కుమార్ అని వేశారు. సత్యనారాయణమూర్తి హాల్లోనే లేచి నిలబడ్డాడు. దీర్ఘం తీసేయడమే కాక లింగం కూడా మార్చారని నిర్మాణ సంస్థకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. లీలాకుమారి మాత్రం ఆ పదకొండు సెకన్ల కోసం టిక్కెట్టు కొని మర్నాడు మ్యాట్నీకి ఒక్కతే వెళ్లొచ్చింది.

వేసవిలో రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్ష జరిగింది. ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, ఇంజను నంబరు కాగితంతో పోల్చాడు. నడిపేది ఎవరని సత్యనారాయణమూర్తిని అడిగాడు. ఆయన గర్వంగా భార్యను చూపించాడు. జీపుకు ఇంకో అయిదేళ్లు అనుమతి వచ్చింది.

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే మైత్రేయి శిఖర హైట్స్‌కి డ్రైవింగు నేర్చుకోవడానికి వస్తుంది. ఆమె వచ్చే రోజున రఘునందన్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఈ జీపు మా అపార్టుమెంటుదేనని సెల్ఫీలు పెడతాడు. మూడు వారాల్లో ఆ పిల్ల క్లచ్ ప్లేటు మాడ్చేసింది. మళ్లీ గేరుబాక్సు దింపాల్సి వచ్చింది. నాలుగో ఆదివారం లీలాకుమారి పాత చీర పరిచి జీపు కిందకు దూరింది. మైత్రేయి ఒక క్షణం తన బట్టలు చూసుకుని, పక్కనే వెల్లకిలా పడుకుని, పదిహేడో నంబరు పానా అందించింది.

"పద్నాలుగు కావాలమ్మా," అంది లీలాకుమారి.